మిషన్ ముచ్చట్లు: కటర్ ఎక్కడ దిగాలి?

పోయిన నెల వర్క్ ఆఫ్‌సెట్ గురించి రాస్తే సోలాపూర్ నుంచి ముగ్గురు, భోసరి నుంచి ఇద్దరు ఫోన్ చేశారు. "అది మాకు వచ్చు కాకా, ఇంకొంచెం లోపలికి పోయి రాయండి" అన్నారు. సరే, ఈ నెల లోపలికే పోదాం. పాకెట్ తవ్వేటప్పుడు కటర్ ఇనుములోకి ఎక్కడ దిగాలి, ఎట్లా దిగాలి, ఆ మాట క్యామ్ సాఫ్ట్‌వేర్‌కు ఎవరు చెప్పాలి అన్నదే ఈసారి ముచ్చట. నాలుగు కటర్లు, ఒక పోరగాడి పగార్ దీనితో ముడిపడి ఉన్నాయి. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు ఇంట్లో ఉండి ఈ పత్రిక చదివే అమ్మలకు, అక్కలకు రెండు ముక్కలు. మీ పిల్లలు పుణె పోయి "వీఎంసీ మీద పని చేస్తున్నా" అంటారు చూడండి, ఆ మిషన్‌లో గిర్రున తిరిగే పనిముట్టు పేరు ఎండ్ మిల్. మేం కటర్ అనే అంటాం. చూడటానికి డ్రిల్లు లాగే ఉంటుంది గానీ పని వేరు. డ్రిల్లు కిందికి పొడుస్తుంది. కటర్ పక్కకు నడుస్తూ చెక్కుతుంది. పాకెట్ అంటే ఇనుప పలక మధ్యలో తవ్వే గుంట. చుట్టూ గోడ, కింద నేల, పైన మాత్రమే తెరిచి ఉంటుంది. ఈ గుంట బొమ్మను కంప్యూటర్‌లో చూపించి ఫలానా కటర్‌తో తవ్వమంటే, కటర్ నడవాల్సిన దారిని గీసి ఇచ్చేది క్యామ్ సాఫ్ట్‌వేర్. ఆ దారి అంకెల వరుసలుగా మారి మిషన్‌కు పోతుంది. దాన్నే ప్రోగ్రాం అంటున్నాం.

చిక్కు ఎక్కడుందంటే, పలక అంచు నుంచి మొదలయ్యే పని అయితే కటర్ బయట గాలిలోనే కిందికి దిగి, పక్క నుంచి నడుచుకుంటూ లోపలికి వస్తుంది. పాకెట్‌కు ఆ వీలు లేదు. నాలుగు దిక్కులా గోడే. వాకిలి లేని ఇంట్లోకి కప్పు మీద నుంచి దిగినట్టు దిగాలి. పక్కకు నడవడానికి పుట్టిన పనిముట్టును కిందికి దించాలి.

అది ఎందుకంత కష్టమో లెక్క చూడండి. 10 మిల్లీమీటర్ల కటర్ నిమిషానికి 3200 చుట్లు తిరుగుతుంటే దాని అంచు నిమిషానికి దాదాపు 100 మీటర్ల వేగంతో ఇనుమును కోస్తుంది. అదే కటర్ నడిమధ్యన వేగం ఎంత? సున్నా. ఇసుర్రాయిని ఎంత జోరుగా తిప్పినా నడిమి మేకు ఉన్నచోటనే ఉంటుంది కదా, అట్లాగే. నిలువుగా దింపితే అంచు కోస్తుంది, నడిమి భాగం కోయదు, నొక్కుతుంది. పైగా కొన్ని నాలుగు పళ్ల కటర్లకు కింది ముఖం మధ్యలో చిన్న బెజ్జం ఉంటుంది. పళ్లు నడిమి దాకా రావు. అట్లాంటిదాన్ని నిలువుగా దింపితే మధ్యలో ఇనుప మొలక మిగిలి కటర్‌ను కింది నుంచి తంతుంది. ఇక చిప్స్ బాధ వేరే. డ్రిల్లుకు చిప్స్‌ను పైకి ఎత్తే తీరు ఉంది. కటర్ దిగిన గుంటలో చిప్స్‌కు బయటికి దారి ఉండదు. కోసిందే మళ్లీ కోస్తుంది. అల్యూమినియం అయితే పళ్ల మధ్య కరిగి అతుక్కుంటుంది, ఆ తర్వాత కటర్ కటర్ కాదు, తిరిగే కడ్డీ.

మన ఇళ్లలో సాంచా తెలియనివాళ్లు లేరు కనుక ఈ మాట మీకు తొందరగా పట్టుబడుతుంది. పడుగు నోరు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడే ధోటా దూరి అవతలికి పోవాలి. సగం తెరిచినప్పుడు దూరితే మధ్యలో చిక్కుతుంది, అచ్చు వచ్చి కొడుతుంది, ఒక్క దెబ్బకు పోగులు కుప్పలుగా తెగుతాయి. ధోటా మంచిదే, పడుగు మంచిదే, దూరిన వేళ మంచిది కాదు. ఆ వేళను పెట్టేది జాబరు. కానీ గుడ్డ పాడైనందుకు కోత పడేది నేసేవాడికి. మా నాయన మిల్లులో ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఎక్కువగా విన్న తగాదా ఇదే. ఇప్పుడు సాంచా స్థానంలో వీఎంసీ వచ్చింది, జాబరు స్థానంలో ప్రోగ్రామర్ వచ్చాడు. తగాదా మాత్రం మారలేదు.

ఆ పోరగాడి సంగతి ఇది. మన పేట పిల్లగాడే. తండ్రి అక్కల్‌కోట్ రోడ్డు వైపు సాంచాల మీద, తల్లి బీడీలు చుడుతుంది. ఐటీఐ చేసి పుణె దగ్గర ఒక వర్క్‌షాపులో ఆపరేటర్‌గా చేరాడు. రెండో పాళీ. ఎనిమిది రోజుల్లో నాలుగు కార్బైడ్ కటర్లు విరిగాయి. మంచి కార్బైడ్ కటర్ అంటే ఒక్కోటి వెయ్యి రూపాయలకు పైమాటే. రెండింటి డబ్బు ఆ నెల పగార్‌లో కోశారు, మిగిలిన రెండింటిది వచ్చే నెల అన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"కాకా, నేను జాబ్ బిగించి బటన్ నొక్కుడు తప్ప ఏం చేయలే."

"ఎక్కడ విరిగింది?" అన్నాను.

"పాకెట్‌ల."

"పాకెట్‌లో ఏ దిక్కు?"

కాసేపు మాట రాలేదు. తర్వాత అన్నాడు, "నాలుగుసార్లు కూడా చిన్న దిక్కే కాకా."

డ్రాయింగ్ ఫోటో తీసి పంపకు, అది కంపెనీ సొత్తు అని చెప్పి, చేత్తో గీయించి కొలతలు చెప్పించుకున్నాను. మీరు కూడా ఎవరినైనా సలహా అడగాలనుకుంటే ఇట్లాగే చేయండి, ఫోటోతో కొత్త తంటా తెచ్చుకోవద్దు. అతను గీసిన గుంట రెండు గదుల ఇల్లు లాంటిది. పెద్ద గది 60 కి 50, చిన్న గది 24 కి 18, రెండింటి మధ్య 9 మిల్లీమీటర్ల సన్నని సందు. లోతు 12. ఇనుము ఈఎన్8. కటర్ 10 మిల్లీమీటర్లది, ఒక్కో మెట్టుకు 2 మిల్లీమీటర్ల లోతు.

10 కటర్ 9 సందులోంచి పోదు. అంటే పెద్ద గదిలో దిగిన కటర్ చిన్న గదిలోకి నడిచి పోలేదు. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? పెద్ద గది మెట్టు అయిపోగానే కటర్‌ను పైకి ఎత్తి, చిన్న గది మీదికి తెచ్చి, అక్కడ మళ్లీ దింపుతుంది. ప్రోగ్రామర్ తెర మీద ఒకే పాకెట్ చూశాడు, ఒకే దిగుడు గురించి ఆలోచించాడు. కటర్ మాత్రం ఒక్కో మెట్టుకు రెండుసార్లు దిగుతోంది. ఆరు మెట్లకు పన్నెండు దిగుళ్లు. అందులో ఆరు ఎవరూ అనుకోని దిగుళ్లు.

అసలు దిగే తీర్లు ఏమేం ఉన్నాయో చెప్పుకుంటే మిగతాది తేలికగా అర్థమవుతుంది. నిలువుగా పొడవడం ప్లంజ్, దాని సంగతి చూశాం. ఏటవాలుగా జారుతూ దిగడం ర్యాంప్, మన ఘాట్ రోడ్డు లాగ. మొండి కొండ మీద నుంచి బండి నిలువుగా దిగలేదు కానీ ఏటవాలు దారిలో సులువుగా దిగుతుంది. గుండ్రంగా తిరుగుతూ మెట్ల లాగ దిగడం హెలిక్స్. నాలుగోది, ముందే డ్రిల్లుతో రంధ్రం వేసి అందులోకి కటర్‌ను దించడం. పాతకాలం పద్ధతి అని ముక్కు విరిచేవాళ్లున్నారు, నేను మాత్రం గట్టి ఇనుము, లోతైన గుంట కనిపిస్తే ఇప్పటికీ దీనివైపే పోతాను.

ర్యాంప్‌కు కోణం ముఖ్యం. ఇనుముకు నేను 2 నుంచి 3 డిగ్రీలు దాటను. అల్యూమినియంకు కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు. 3 డిగ్రీల వాలుతో 2 మిల్లీమీటర్లు దిగాలంటే 38 మిల్లీమీటర్ల దారి కావాలి. 2 డిగ్రీలు అయితే 57. అంత దారి లేని చోట ముందుకు వెనక్కు నడుస్తూ దిగాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మొదటిసారి తెరిచినప్పుడు ఉండే కోణం ఇనుముకు చాలా ఎక్కువ. 15 డిగ్రీలు ఉన్నదాన్ని అట్లాగే వదిలేసిన ప్రోగ్రాంలు నా చేతికి వచ్చాయి. అది ర్యాంప్ అని పేరే గానీ పని ప్లంజ్ పనే.

హెలిక్స్‌కు కోణంతో పాటు వలయం కొలత ముఖ్యం. ఇక్కడ చాలామంది తికమక పడతారు, కనుక నిదానంగా చదవండి. కటర్ నడిమి బిందువు తిరిగే వలయం వ్యాసానికి కటర్ వ్యాసం కలిపితే పడే గుంట వ్యాసం వస్తుంది. 10 కటర్, 8 వలయం, గుంట 18. ఆ వలయం కటర్ కంటే పెద్దదైతే నడిమధ్యన కోయని ఇనుప స్తంభం నిలబడిపోతుంది. మరీ చిన్నదైతే కటర్ దాదాపు ఉన్నచోటనే తిరిగి ప్లంజ్ అంత చెడ్డదవుతుంది. 10 కటర్‌కు 6 నుంచి 9 మధ్య పెట్టుకోండి. 8 వలయంలో 3 డిగ్రీల వాలుకు ఒక్కో చుట్టుకు 1.3 మిల్లీమీటర్లు దిగుతుంది.

ఇప్పుడు చిన్న గదికి రండి. ఆ ప్రోగ్రాంలో హెలిక్స్ వలయం 9 అని, అంతకంటే తగ్గకూడదని పెట్టి ఉంది. అంటే గుంట 19. గది వెడల్పు 18. గోడలకు ఫినిషింగ్ కోసం పక్కకు అర మిల్లీమీటరు వదిలితే మిగిలేది 17. 19 గుంట 17 లో పట్టదు. పట్టనప్పుడు ఏం చేయాలో సాఫ్ట్‌వేర్‌కు ఒక జవాబు ముందే ఇచ్చి ఉంటుంది. మాస్టర్‌క్యామ్‌లో అయితే పాకెట్‌కు ఎంట్రీ మోషన్ అనే పేజీ ఉంటుంది. దిగే ప్రయత్నాలన్నీ కుదరకపోతే ప్లంజ్ చేయాలా, ఆ చోటును వదిలేయాలా అని అక్కడే అడుగుతుంది. ఇక్కడ ప్లంజ్ మీద చుక్క ఉంది. అంతే. పెద్ద గదిలో మెత్తగా తిరుగుతూ దిగిన కటర్, చిన్న గదిలో నిలువుగా, అదీ పక్కకు కోసే ఫీడ్‌తోనే, నిమిషానికి 500 మిల్లీమీటర్ల వేగంతో ఈఎన్8 లోకి పొడిచింది. మొదటి మెట్టు ఓర్చుకుంది, రెండోది ఓర్చుకుంది. మూడో, నాలుగో మెట్టుకు మూలలు చిట్లి, చిప్స్ నిండి, విరిగింది.

ఇదంతా నేను మిషన్ దగ్గరికి పోకుండానే ఎట్లా చెప్పగలిగాను? ప్రోగ్రాంలో ఆ చోట ఉన్న నాలుగు వరుసలు చదివి వినిపించమన్నాను. పెద్ద గది దగ్గర జీ03 తో మొదలై ఎక్స్, వై, జెడ్, ఐ, జే అన్నీ ఉన్న వరుసలున్నాయి. గుండ్రంగా తిరుగుతూ జెడ్ తగ్గుతోంది, అది హెలిక్స్. చిన్న గది దగ్గర ఒకే వరుస: జీ01 జెడ్-2.0 ఎఫ్500. ఎక్స్ లేదు, వై లేదు. జీ01 తో జెడ్ ఒక్కటే కనిపించి, కింద ఇనుము ఉంటే, అది నిలువు పొడుపు. దీన్ని గుర్తుపట్టడానికి సాఫ్ట్‌వేర్ రానక్కర్లేదు, ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు. కొత్త ప్రోగ్రాం మొదటి జాబ్‌కు సింగిల్ బ్లాక్ పెట్టి, ఫీడ్ నాబ్ తగ్గించి, ప్రతి దిగుడు దగ్గర తెర మీద వరుస చూడండి. పావుగంట పోతుంది, పోనీ.

సిమ్యులేషన్‌లో కనిపించలేదా అని అడుగుతారు. సిమ్యులేషన్‌లో అంతా బాగానే ఉంది. తెర మీద కటర్ విరగదు. అక్కడ ఇనుము వెన్న, కటర్ వేడి చెంచా. గోడకు తగిలిందా, క్లాంపుకు తగిలిందా అన్నదే అది చెప్తుంది. దిగేటప్పుడు కటర్ మీద ఎంత బరువు పడిందో చెప్పదు. కనుక సిమ్యులేషన్ నడిపేటప్పుడు రంగులు చూడటం మానేసి, ఈ పాకెట్‌లో కటర్ మొత్తం ఎన్నిసార్లు పైకి లేచి మళ్లీ ఎక్కడ దిగుతోంది అని లెక్కపెట్టండి. మీరు అనుకున్న లెక్క, తెర మీద లెక్క కలవకపోతే అక్కడ ఆగండి.

ఆ గదికి మందు ఏమిటి? సులువైనది ఒక అంకె మార్చడం. కనీస వలయం 9 బదులు 6 పెడితే గుంట 16, అది 17 లో పడుతుంది. రెండోది, గది పొడుగు దిక్కుగా ర్యాంప్. 24 పొడుగులో వదిలిన అర, అర తీసేస్తే 23, కటర్ నడిమి బిందువు నడవడానికి 13 మిల్లీమీటర్లు దొరుకుతాయి. 3 డిగ్రీలతో మూడుసార్లు అటూ ఇటూ నడిస్తే 2 మిల్లీమీటర్లు దిగుతుంది. మూడోది డ్రిల్లు, దాని గురించి కింద చెప్తాను. నాకు అన్నిటికంటే నచ్చింది నాలుగోది. ఆ 9 సందును తవ్వడానికి ఎట్లాగూ 6 మిల్లీమీటర్ల కటర్ ఎక్కించాల్సిందే. ఆ చిన్న కటర్‌నే, అప్పటికే ఖాళీ అయిన పెద్ద గదిలో గాలిలోకి దించి, సందులోంచి నడిపించి, చిన్న గదిని కూడా దానితోనే తీయించొచ్చు. ఇనుములోకి దిగే పనే లేదు. టైం ఎక్కువ పడుతుంది, నిజమే. నెలకు వెయ్యి జాబ్‌లు ఉంటే నేనూ వేరేగా ఆలోచిస్తాను. ఇరవై జాబ్‌లకు మాత్రం ఇదే.

డ్రిల్లు వేసి దించేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. డ్రిల్లు కొన మొనదేరి ఉంటుంది. మామూలు 118 డిగ్రీల కొన ఎత్తు వ్యాసంలో దాదాపు 0.3 వంతు. 12 డ్రిల్లుకు 3.6 మిల్లీమీటర్లు. పాకెట్ లోతు 12 అని డ్రిల్లు పూర్తి వ్యాసాన్ని 12 దాకా దించితే కొన 15.6 దాకా పోయి నేల మీద గుంట మిగులుతుంది, జాబ్ రిజెక్ట్. కొననే 11.5 దగ్గర ఆపండి. అడుగున మిగిలే కొంచెం ఇనుముకు ఫీడ్ తగ్గిస్తే చాలు. రెండోది ఇంకా ముఖ్యం. డ్రిల్లు ఆపరేషన్ వేరు, పాకెట్ ఆపరేషన్ వేరు. ఇక్కడ రంధ్రం వేశాను అని పాకెట్‌కు కూడా చెప్పాలి. ఫ్యూజన్‌లో లింకింగ్ అనే చోట ప్రీడ్రిల్ పొజిషన్స్ అని ఉంటుంది, ఆ బిందువును అక్కడ ఎంచుకోవాలి. ఎన్ఎక్స్‌లో నాన్ కటింగ్ మూవ్స్ లోపల ప్రీ డ్రిల్ పాయింట్లు ఉంటాయి. చెప్పకపోతే రంధ్రం ఒక చోట, కటర్ దిగేది ఇంకో చోట. రంధ్రం ఖాళీగా చూస్తూ ఉంటుంది, కటర్ పక్కన పొడుస్తూ ఉంటుంది.

దిగే చోటును మనమే ఎంచుకునేటప్పుడు గుంటలో అన్నిటికంటే వెడల్పైన చోటు చూడాలి. మూలలకు పోవద్దు. మూలలో కటర్‌ను రెండు గోడలు పట్టుకుంటాయి, చిప్స్ అక్కడే కుదురుకుంటాయి. ఫినిషింగ్ గోడకు ఆనుకుని కూడా వద్దు. దిగేటప్పుడు కటర్ కొంచెం వంగుతుంది, ఆ వంపు గోడ మీద గీతగా మిగిలితే ఏ ఫినిషింగూ దాన్ని చెరపదు. నేల పల్చగా ఉన్న జాబ్ అయితే కింద ఆధారం ఉన్న వైపే దించండి. ఇంకో మాట, డ్రాయింగ్‌లో ఒక వైపు తెరిచి ఉన్న పాకెట్ అయితే ఆ వైపు తెరిచి ఉందని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి బయటి నుంచి రప్పించండి. చుట్టూ గీత గీసి ఇచ్చేస్తే అది నాలుగు గోడల పాకెట్టే అనుకుని పాపం మధ్యలో తిప్పలు పడి దిగుతుంది. గాలిలో దిగే అవకాశం ఉండగా ఇనుములో దిగడం నాకు అస్సలు మింగుడు పడని సంగతి.

దిగడం ఎంత ఎత్తు నుంచి మొదలు కావాలన్నదీ ఒక గడిలో ఉంటుంది. పై మట్టం నుంచి 1 మిల్లీమీటరు చాలు అని చాలామంది పెడతారు. మిల్లు చేసి చదును చేసిన పలకకు అది సరే. పోత జాబ్ అయితే ఒక్కోటి 2, 3 మిల్లీమీటర్లు ఎత్తుగా వస్తుంది. అప్పుడు మిషన్ ర్యాపిడ్ వేగంతో వచ్చి ఇనుమును గుద్దుతుంది. పాళీ మారేటప్పుడు అవతలివాడు "పోత కొంచెం ఎత్తుగా వస్తోంది" అని ఒక్క ముక్క చెప్తే ఎన్ని కటర్లు బతుకుతాయో.

మళ్లీ పగార్ దగ్గరికి. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలోనూ, ఆ స్థానంలోకి తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ నష్టం కోత గురించి ఉన్న మాట ఇంచుమించు ఒకటే. పనివాడి నిర్లక్ష్యం వల్ల లేదా తప్పు వల్ల జరిగిన నష్టానికే కోత ఉండాలి, ఆ నష్టాన్ని మించకూడదు, కోసే ముందు అతని సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఈ పిల్లగాడిని ఎవరూ ఏమీ అడగలేదు. అయితే అడిగినా ఏం చెప్పేవాడు? "నేను బటన్ నొక్కిన" అంతే. నాకు బాధ అనిపించింది అక్కడే. సంజాయిషీ చెప్పుకునే హక్కు ఉన్నా, కటర్ ఎక్కడ దిగిందో చెప్పడం రాకపోతే ఆ హక్కు పెట్టెలో పెట్టిన పట్టుచీరే.

అందుకని ఒక తెల్ల కాగితం మీద రాయించాను. తేదీ, పాళీ, ప్రోగ్రాం నంబరు, విరిగిన వరుస నంబరు, విరిగిన చోటు, అప్పుడు జెడ్ ఎంత, నాలుగుసార్లూ అదే చోటు అన్న మాట. తిట్టు లేదు, ప్రోగ్రామర్ పేరు లేదు. ఆ ప్రోగ్రామర్ కూడా పాతికేళ్ల పిల్లగాడేనట, రోజుకు ఐదారు జాబ్‌లకు ప్రోగ్రాంలు చేయమంటే చిన్న గదుల్లోకి తొంగిచూసే తీరిక ఎక్కడిది? కాగితం సూపర్‌వైజర్ చేతికి ఇచ్చాడు. మర్నాడు కనీస వలయం 6 అయ్యింది, ప్లంజ్ మీద ఉన్న చుక్క మారింది. ఆ తర్వాత ఆ జాబ్ మీద కటర్ విరగలేదు. వచ్చే నెల కోస్తామన్న కోత ఆగింది. అప్పటికే కోసిన రెండు కటర్ల డబ్బు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. అడుగుతూనే ఉండమన్నాను, అదీ రాతలోనే.

అప్పటి నుంచి అతను విరిగిన కటర్లను పారేయడం లేదట. చిన్న డబ్బాలో వేసి, ఒక్కోదానికి చీటీ కడుతున్నాడు. ఇది నేను చెప్పింది కాదు, తనకు తోచిందే. మంచి అలవాటు. విరిగిన ముక్క చాలా చెప్తుంది. కింది ముఖం మధ్యభాగం నలిగి ఉంటే నిలువుగా దిగిందని, మూలలు మాత్రమే చిట్లి ఉంటే కోణం ఎక్కువైందని, పళ్ల మధ్య లోహం నిండి ఉంటే చిప్స్‌కు దారి లేదని అనుమానించొచ్చు.

చివరగా, భోసరి నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న. డిప్లొమా చేసి క్యామ్ నేర్చుకుంటోంది. "అన్నా, 8 మిల్లీమీటర్ల వెడల్పు గాడి, రెండు దిక్కులా మూసి ఉంది, 6 కటర్. హెలిక్స్ పట్టడం లేదు, ఏం చేయాలి?" అని. చెల్లెమ్మా, అక్కడ హెలిక్స్‌తో కుస్తీ వద్దు. గాడి పొడుగు దిక్కుగా ర్యాంప్ పెట్టు, కోణం 2, ఫీడ్ మామూలు దానిలో సగం. ర్యాంప్ చివర కటర్ దిగిన వాలు మిగిలి ఉంటుంది, దాన్ని చదును చేయడానికి అదే లోతులో ఒకసారి వెనక్కు నడవనీయి. ఎయిర్ బ్లాస్ట్ ఉంటే గాలి గొట్టం గాడి పొడుగు దిక్కుకే తిప్పి పెట్టు, అడ్డంగా పెడితే చిప్స్ గోడకు కొట్టుకుని మళ్లీ కటర్ కిందికే వస్తాయి. ఇక సెటప్ షీట్ మీద కటర్ నంబరు పక్కన "ఎక్కడ దిగుతుంది, ఎట్లా దిగుతుంది" అని ఒక గడి నువ్వే గీసి నింపు. ఆ షీట్ రాత్రి పాళీలో చదివేది మన పిల్లలే.